ఆకలికి అన్నం, భయానికి అభయం: ఖురైష్ సూరా నేపథ్యం

ఇమాముగారు నమాజులో ఖురైష్ సూరా అందుకున్నారంటే వెనుక సఫ్‌లో నిలబడ్డవారు రుకూకు సిద్ధమైపోతారు. నాలుగే ఆయతులు, 17 పదాలు. మక్తబులో చేరిన పిల్లవాడు మొదటి ఏడాదిలోనే కంఠస్థం చేసే సూరాల్లో ఇదొకటి. దివ్య ఖుర్ఆన్ క్రమంలో ఇది 106వ సూరా. అధిక సంఖ్యాక వ్యాఖ్యాతల అభిప్రాయం ప్రకారం మక్కాలో అవతరించింది. మన ఇళ్ళలో దీనికి మరో వాడుక కూడా ఉంది. దూర ప్రయాణానికి బయలుదేరేటప్పుడు, రాత్రివేళ భయం కలిగినప్పుడు, దావత్‌లో దేగ్ మూత తీసే ముందు బర్కత్ కోసం పెద్దలు ఈ సూరా చదివి ఊదుతారు. ఆ వాడుకను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మేమూ అలా ఊదించుకుని పెరిగినవారమే. అయితే దేగ్ మీద చదివిన సూరా ఆ దేగ్‌లోని అన్నం ఎవరెవరి ముందుకు వెళ్ళాలని చెబుతోందో కూడా తెలుసుకోవాలి కదా! ఈ వారం ఆ సంగతి పరిశీలిద్దాం.

గద్వాల సమీపంలోని ఒక పల్లెలో మా బాల్యం గడిచింది. 1970ల చివర, 80ల మొదట్లో ఆ పల్లెకు దసరా వెళ్ళీ వెళ్ళగానే గుంపు మేస్త్రీ వచ్చేవాడు. ఇంటికింత అని అడ్వాన్సు ఇచ్చి, వేలిముద్రలు వేయించుకుని, వారం తిరక్కుండానే మనుషులను వెంటబెట్టుకుని పోయేవాడు. బొంబాయి, పూనా, షోలాపూర్, ఎక్కడో ఆనకట్ట కట్టే చోటు, ఎక్కడో రోడ్డు వేసే చోటు. పోయేవారు జొన్నరొట్టెలు మూటగట్టుకుని, వాకిలికి ముళ్ళకంప అడ్డం పెట్టి, ముసలివారిని ఇంట్లో వదిలి వెళ్ళేవారు. వెళ్ళే ముందు మసీదు అరుగు దగ్గర ఆగేవారు. వారిలో దూదేకులవారు ఉండేవారు, ఇతర మతస్థులూ ఉండేవారు. "మౌల్సాబ్, పోతున్నం. దువా చెయ్యుండ్రి" అనేవారు. మసీదులో ఇమామత్ చేసే మా నాన్నగారు ఈ సూరాయే చదివి ఊదేవారు. అర్థమేమిటని మేము అడిగితే ఉర్దూలో చెప్పారు: జాడే కా సఫర్, గర్మీ కా సఫర్. చలికాలపు ప్రయాణం, ఎండాకాలపు ప్రయాణం. మేము అది మా ఊరివాళ్ళ గురించే అవతరించిందని చాలాకాలం అనుకున్నాం. మద్రసాలో తఫ్సీర్ చదివే రోజుల్లో గానీ అసలు సంగతి తెలియలేదు. ఖురైషులు వెళ్ళింది లాభానికి, మావాళ్ళు వెళ్ళింది ఆకలికి. రెండు ప్రయాణాలకూ పోలికే లేదని అప్పుడు అనుకున్నాం. ఇప్పుడు యాభై దాటాక ఆ చిన్ననాటి పొరపాటు అంత పొరపాటు కాదేమోనని తోస్తోంది.

ముందుగా ఖురైషుల సంగతి చూద్దాం. మక్కా పంట పండని లోయ. కాబా గృహం పక్కన భార్యాబిడ్డలను విడిచివెళుతూ హజ్రత్ ఇబ్రాహీమ్ (అ) చేసిన దువాలోనే ఆ మాట ఉంది. అటువంటి చోట నివసించేవారికి వ్యాపారం తప్ప గత్యంతరం లేదు. చలికాలంలో దక్షిణాన వెచ్చగా ఉండే యమన్‌కూ, వేసవిలో ఉత్తరాన చల్లగా ఉండే షామ్ దేశానికీ వారి బిడార్లు నడిచేవి. అప్పటి అరేబియాలో బిడారు నడవడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. ఏ తెగ ఎప్పుడు మీదపడి దోచుకుంటుందో తెలియదు. ఖురైషుల బిడారును మాత్రం ముట్టుకునేవారు కారు. వారు కాబా గృహ సంరక్షకులు. హజ్‌కు వచ్చిన తెగలన్నీ వారి దగ్గర నీళ్ళు తాగినవే. పైగా ఇంచుమించు క్రీ.శ. 570లో యమన్ పాలకుడు అబ్రహా ఏనుగుల సైన్యంతో కాబాను కూల్చడానికి వచ్చి నాశనమయ్యాక ఆ గృహం మీద, దాని పొరుగున ఉన్నవారి మీద అరబ్బుల గౌరవం రెట్టింపయింది. అందుకే కొందరు వ్యాఖ్యాతలు దీనికి ముందున్న ఫీల్ సూరానూ, ఈ సూరానూ కలిపి అర్థం చేసుకున్నారు. ఉబయ్ బిన్ కఅబ్ (ర) గారి ప్రతిలో ఈ రెండింటి మధ్య బిస్మిల్లాహ్ ఉండేది కాదన్న ఉల్లేఖనం కూడా ఉంది. కానీ సమాజమంతా ఏకాభిప్రాయంతో స్వీకరించిన ప్రతిలో ఇవి రెండు వేర్వేరు సూరాలే.

సూరా మొదట్లో ఉన్న ఈలాఫ్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఉర్దూ తెలిసినవారికి ఉల్ఫత్ అన్న మాట తెలుసు. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. అలవాటుపడటం, మచ్చికపడటం, మనసు కలవడం అని అర్థం. చరిత్రకారులు దీనికి ఒప్పందం, అభయపత్రం అన్న అర్థాన్ని కూడా చెప్పారు. అబ్దె మనాఫ్ కుమారులు నలుగురు నాలుగు దిక్కులా పాలకుల దగ్గర, తెగల దగ్గర ఇటువంటి అభయాలు సంపాదించారు. షామ్ వైపు హాషిమ్, యమన్ వైపు ముత్తలిబ్, హబషా వైపు అబ్దె షమ్స్, ఇరాక్ వైపు నౌఫల్. ఈ హాషిమే మన ప్రవక్త (స) వారి ముత్తాత. ఆయన అసలు పేరు అమ్ర్. మక్కాలో కరవు వచ్చిన ఏడు రొట్టెలు విరిచి మాంసపు పులుసులో కలిపి జనానికి పెట్టినందువల్ల హాషిమ్, అంటే విరిచేవాడు అన్న పేరు వచ్చింది. ఒక వ్యాపార ప్రయాణంలోనే గాజా పట్టణంలో మరణించారు. అరబ్బులు నేటికీ దాన్ని హాషిమ్ గాజా అంటారు. అన్నం పెట్టిన మనిషి పేరు మోసే ఆ ఊరే 2023 అక్టోబరు తర్వాత ఆకలికీ భయానికీ మారుపేరు కావడం చూసి కంటతడి పెట్టని వారెవరు?

క్రీ.శ. 1273లో మరణించిన ఇమామ్ ఖుర్తుబీ తన తఫ్సీర్‌లో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) పేర ఒక ఉల్లేఖనం ఇచ్చారు. జుమా ప్రసంగాల్లో ఇది ఎందుకో ఎక్కువగా వినిపించదు. పూర్వం ఖురైషుల్లో ఏదైనా కుటుంబం పూర్తిగా చితికిపోతే, ఎవరి ముందూ చేయి చాపలేక, ఊరి వెలుపల ఒక చోటికి వెళ్ళి గుడారం వేసుకుని, అందులోనే ఆకలితో ప్రాణాలు వదిలేవారట. ఆ ఆచారానికి ఇఅతిఫాద్ అని పేరు కూడా ఉండేది. హాషిమ్ కుమారుడికి మఖ్‌జూమ్ వంశానికి చెందిన ఒక ఆటల జతగాడు ఉండేవాడు. రేపు మా ఇంట్లోవాళ్ళం అలా వెళ్ళిపోతున్నామని ఆ పిల్లవాడు చెప్పాడు. హాషిమ్ కొడుకు ఏడుస్తూ తల్లి దగ్గరికి పరుగెత్తాడు. ఆమె పిండీ కొవ్వూ పంపితే వారు కొన్నాళ్ళు గడుపుకున్నారు. తర్వాత మళ్ళీ అదే మాట. అప్పుడు హాషిమ్ తన జాతిని సమావేశపరచి, మీరు తెచ్చిపెట్టుకున్న ఈ ఆచారంతో మీరే తరిగిపోతున్నారని హెచ్చరించారు. ఏడాదికి రెండు ప్రయాణాలు కట్టించారు. వచ్చిన లాభంలో ధనికుడు తన వంశంలోని పేదవాడికి వాటా ఇవ్వాలన్నారు. చివరకు పేదవాడు ధనికుడిలాగే అయ్యాడని ఆ ఉల్లేఖనం చెబుతుంది.

చలికాలం, ఎండాకాలం ప్రయాణాల వెనుక ఉన్న కథ ఇది. ఈ సూరా వ్యాపారానికి ప్రోత్సాహమని, ముస్లిములు దుకాణాలు పెట్టాలని చెబుతోందని కొందరు వక్తలు అంటూ ఉంటారు. వ్యాపారం మంచిదే. ప్రవక్త (స) స్వయంగా బాల్యంలో అబూతాలిబ్ వెంట, యౌవనంలో హజ్రత్ ఖదీజా (ర) సరుకుతో షామ్ వెళ్ళినవారే. కానీ ఈ సూరా వ్యాపారాన్ని మెచ్చుకోవడం లేదు, బాకీని గుర్తుచేస్తోంది. మీ బిడారు క్షేమంగా తిరిగి వస్తున్నది మీ కత్తి బలంతో కాదు, ఈ గృహ ప్రభువు చలవతో. ఆకలిలో మీకు అన్నం పెట్టినవాడు, భయంలో అభయమిచ్చినవాడు ఆయనే, ఆయననే ఆరాధించండి. సారాంశం అంతే. హాషిమ్ పోయిన తర్వాత రెండు మూడు తరాలకే ఖురైషు పెద్దలు ఆ వాటా సంగతి మరచారు. లాభం మాత్రం మరవలేదు. ఖుర్ఆన్ క్రమంలో దీని తర్వాతి సూరా మాఊన్. అందులో అనాథను గెంటివేసేవాడు, పేదవాడి అన్నం గురించి నోరు విప్పనివాడు, చూపుడు నమాజులు చేసేవాడు, చిన్నపాటి వస్తువు కూడా ఎరువివ్వనివాడు కనిపిస్తారు. ఈ రెండు సూరాలూ పక్కపక్కన పెట్టి చదివితే మక్కా చరిత్ర సగం అర్థమవుతుంది.

ఇక మా మనసులో మాట. ఖురైషులకు అల్లాహ్ అన్నం పెట్టింది, అభయమిచ్చింది వారు ఎటువంటి స్థితిలో ఉన్నప్పుడు? కాబాలో విగ్రహాలు నిలిపి ఉన్నప్పుడు. వారు విశ్వసించాక పెడతానని ఆయన అనలేదు. పెట్టిన తర్వాతే ఆరాధించమని అడిగాడు. బఖరా సూరా 126వ ఆయతు కూడా చూడండి. ఈ పట్టణాన్ని శాంతి స్థలం చేయమని, ఇక్కడి విశ్వాసులకు ఫలాలు ప్రసాదించమని ఇబ్రాహీమ్ (అ) వేడుకున్నారు. విశ్వసించనివారికి కూడా కొంతకాలం జీవనోపాధి ఇస్తానని అల్లాహ్ జవాబు. ప్రవక్త విశ్వాసుల వరకే అడిగితే ప్రభువు హద్దు చెరిపి అందరికీ ఇచ్చాడు. అటువంటి ప్రభువును ఆరాధించేవారు అన్నం పెట్టే ముందు, నీడ ఇచ్చే ముందు నీది ఏ ఊరు, ఏ మస్లక్, ఏ మతం అని అడగవచ్చునా? అడగకూడదని మా అభిప్రాయం.

మరొకటి. ఈ సూరా అన్నం ఒక్కదాని గురించి చెప్పి ఆగలేదు. ఆకలినీ భయాన్నీ జంటగా చెప్పింది. నహ్ల్ సూరా 112వ ఆయతులోనూ ఈ జంటే కనబడుతుంది. నిశ్చింతగా ఉంటూ, అన్ని దిక్కుల నుంచీ ఆహారం వచ్చిపడే ఒక పట్టణం కృతఘ్నతకు పాల్పడితే, దానికి ఆకలినీ భయాన్నీ వస్త్రంలా తొడిగించడం జరిగిందని అక్కడ ఉంది. ఉదయాన తన ఇంట్లో నిర్భయంగా, ఒంట్లో ఆరోగ్యంగా, ఆ పూట తిండితో నిద్రలేచినవాడికి ప్రపంచమంతా దక్కినట్లేనన్న భావంతో తిర్మిజీలో ఒక హదీసు ఉంది. అన్నం ఉండి అభయం లేకపోతే ఆ అన్నం గొంతు దిగదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న మనిషి తినేది ఆ గొంతు దిగని అన్నమే. కడుపు నిండుతుంది గానీ బాకీ తీరేదాకా కాలు కదపలేడు. కూలి ఎంత కట్టారో, ఎంత కోశారో అడగలేడు. పాలమూరు లేబర్ అన్న పేరుతో దేశంలోని ఆనకట్టల మీద మట్టి మోసినవారి ఇళ్ళలో ఈ భయం తరతరాలు కాపురం చేసింది. మక్కాలో నది లేదు. మనకు కృష్ణ ఉంది, తుంగభద్ర ఉంది. రెండు నదుల మధ్య నడిగడ్డలో పుట్టి నీళ్ళ కోసం బొంబాయి పోయినవారం మనం! శ్రీశైలం జలాశయం కోసం 1981లో కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు ఇల్లు మునిగినవారు కూడా ఆ వలసలోనే కలిశారు.

కాలం కొంత మారింది. జూరాల వచ్చింది, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాయి. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. వలస పూర్తిగా ఆగిందని చెప్పలేం గానీ, ఎదురు వలస మొదలయిందని మాత్రం ఎవరైనా చూడవచ్చు. బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చినవారు మన రైస్‌మిల్లుల్లో మూటలు మోస్తున్నారు, మన మడుల్లో నాట్లు వేస్తున్నారు, మన ఇళ్ళకు సెంట్రింగ్ కొడుతున్నారు. మొన్నటిదాకా రిహ్లా మనది. ఇప్పుడు మనం ఊళ్ళో ఉన్నాం, రిహ్లా వారిది.

రిహ్లా అంటే అరబ్బీలో ప్రయాణం. మన ఉర్దూలో అదే మాట రిహ్లత్ అయి మరణానికి వాడుక పడింది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకున్నారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. మార్చి నెలలో రెండు భౌతికకాయాలు మాత్రం వెలికివచ్చాయి. మన తాతలు ఎవరి సొరంగాలో తవ్వారు, ఎవరి బిడ్డలో వచ్చి మన సొరంగం తవ్వారు. ఆ ఎనిమిదిమంది ఇళ్ళలోనూ వారు బయలుదేరేటప్పుడు ఎవరో ఒకరు వారి వారి ప్రార్థన చేసే ఉంటారు, మా ఊరి అరుగు మీద జరిగినట్టే.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు జాతీయ రహదారి మీద మూటలతో నడిచినవారిని మనమందరం చూశాం. ఆ కొన్ని వారాలు మన యువకులు వంటపాత్రలు రోడ్డు మీదికి తెచ్చి వచ్చినవారందరికీ పెట్టారు. మతం అడగలేదు, అల్‌హందులిల్లాహ్. తర్వాత మరచాం. తౌబా సూరా 60వ ఆయతులో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను అల్లాహ్ పేర్కొన్నాడు. ఎనిమిదవది ఇబ్నుస్సబీల్, అంటే బాటసారి. స్వగ్రామంలో ఉన్నవాడైనా సరే, దారిలో చిక్కుకుని చేతిలో ఏమీ లేకపోతే హక్కుదారుడే. మన మసీదుల్లో రంజాన్‌లో జకాత్ లెక్కలు వేసేటప్పుడు ఈ పద్దు కింద ఎవరి పేరైనా రాసుకున్న కమిటీని మేమైతే చూడలేదు. జకాత్‌కు ఫిఖ్ నిబంధనలున్నాయి, అది ముస్లిములకే చెందాలని ఉలమా చెబుతారు, నిజమే. సదఖాకు ఆ హద్దు లేదు. కూలికీ లేదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమని ప్రవక్త (స) చెప్పినప్పుడు ఎవరి చెమట అని విభజించలేదు. ఈ మాట మిల్లులు, పొలాలు, పత్తి విత్తన చేలు ఉన్న మన సోదరులకు ప్రత్యేకించి చెబుతున్నాం. గద్వాల వైపు క్రాసింగ్ రోజుల్లో బడికి రాకుండా పోయిన ఆడపిల్లల పేర్లు హాజరుపట్టీలో పిలిచి పిలిచి ఊరుకున్న ఉపాధ్యాయులం మేము. ఆ బిడ్డలు ఆకలికి వచ్చారా, అప్పు ఇచ్చినవాడి భయానికి వచ్చారా అన్నది చేను యజమానికి తెలియకుండా ఉండదు.

ఎదుటివారికి చెప్పడం తేలిక కనుక మా సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ళ క్రితం మేము సభ్యులుగా ఉన్న ఒక మసీదు కమిటీ ముందుకు ఒక కుర్రవాడు వచ్చాడు. మిల్లులో పని మానేశాడు. లెక్క తేల్చి ఇవ్వడానికి రెండు మూడు రోజులు పడుతుందన్నారట. అందాకా తన మూట పెట్టుకుని పడుకోవడానికి వజూఖానా పక్కనున్న గది అడిగాడు. ఆ గదిలో పాత చాపలు, విరిగిన ఫ్యాను తప్ప ఏమీ లేవు. ఒకరు కాగితాలు చూపించమన్నారు. చూపించాడు. ఇంకొకరు, రేపు ఏదైనా జరిగితే బాధ్యులెవరు అన్నారు. ఆ భయం పూర్తిగా అర్థం లేనిదని మేము అనడం లేదు. రోజులు అటువంటివే. కానీ ఎవరి భయం పెద్దది, గది ఉన్న మనదా, మూట పట్టుకుని నిలబడ్డ అతనిదా? ఆ ప్రశ్న మేము అప్పుడు అడగలేదు. నలుగురూ తల ఊపితే మేమూ ఊపాం. అతను సలాం చెప్పి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇషా నమాజుకు ఇమామత్ మాదే. రెండో రకాతులో అలవాటు కొద్దీ ఖురైష్ సూరా నోటికి వచ్చింది. ఆఖరి ఆయతు దగ్గర గొంతు పట్టేసింది. వెనుక నిలబడ్డవారు మరచిపోయామనుకుని లుఖ్మా ఇచ్చారు.

ఆ గదికి ఇప్పటికీ తాళమే ఉంది. కమిటీ వచ్చే జుమా తర్వాత కూర్చుంటుంది, రంజాన్ ఏర్పాట్ల కోసం. చాపలు మేడ మీదికి చేర్చి, ఒక బల్బు పెట్టించి, బాటసారులకు మూడు రాత్రులు ఆ గది ఇవ్వాలని మేము రాతపూర్వకంగా అడగబోతున్నాం. కాగితాలు చూడటం, పోలీసు స్టేషన్‌లో ఒక మాట చెప్పి ఉంచడం కూడా అందులో రాశాం. వనపర్తిలోనో, నాగర్‌కర్నూల్‌లోనో ఏ మసీదులోనైనా ఇటువంటి ఏర్పాటు ఇప్పటికే ఉంటే దాని నియమాలు ఎలా పెట్టుకున్నారో ఈ పేజీకి రాసి పంపండి. సమావేశంలో చదివి వినిపిస్తాం.